ఎల్లు బావా

శ్రీకూర్మం,
జులై 3, 2024

ఒరే నరసింగా,

ఈ రోజుల్లో ఉత్తరమేటి అని నవ్వుకోకు. పక్షవాతం వచ్చి మీ బావకి కుడి పక్క పడిపోయింది గానీ చెవులు మాత్రం మునుపటికన్నా పదునెక్కేయి. ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడి ఎడం చేత్తో మంచం పట్టె పట్టుకుని ఊపేస్తారు. అందుకే ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పడేసేను. పైగా మాకున్నది ఒక్క గది. ఆయన సంగతి ఆయన ముందే ఎలా మాట్లాడను? ఉత్తరమైతే చప్పుడు చెయ్యదు.

మాట ఫిబ్రవరిలో పోయింది కదా, ఇంకా రాలేదు. పగలు పరవాలేదు. దీపం పెట్టే వేళకి మొదలవుతుంది. ఏం కనిపిస్తుందో ఏమో, చొక్కా చింపుకుంటారు, మందు నా మొహం మీద ఉమ్ముతారు. మొన్న నా ముంజేతి మీద కరిచేరు. నాలుగు నెలలయింది నేను కంటినిండా పడుకుని. ఇలాగే సాగితే ఆయనకన్నా ముందు నేను పోతాను, ఇది వేళాకోళానికి రాయడం లేదు.

కాళ్ళూ చేతులూ ఆడించడానికి శ్రీకాకుళం నుంచి కుమారి అని ఒక పిల్ల వస్తుంది. ఆ పిల్ల ఒక మాట చెప్పింది. "ఒక వాసన, ఒక పాట. రెండూ కలిపి రోజూ ఒకే వేళకి పెట్టండమ్మా. ఏదో ఒకటి కాదు. ఆయన బతుకులో ఎప్పుడు బాగా సంతోషంగా ఉన్నారో ఆ రోజులవి కావాల. వాసన దారి చూపిస్తాది, పాట చెయ్యి పట్టుకుని తీసికెల్తాది. ఒక మండలం, నలభై రోజులు, విడవకుండా చెయ్యండి. మనిషి నెమ్మదిస్తారు" అంది.

సంతోషంగా ఉన్న రోజులంటే చిన్నతనమే అయ్యుంటుంది. మా అత్తగారు అసిరమ్మ గారు మా పెద్దవాడి బారసాలలో ఉయ్యాల పాట పాడితే నువ్వు కేసెట్టులో పట్టేవు, గుర్తుందా? నీ మైకు సెట్టు కొట్లో గోనెసంచుల నిండా కేసెట్లే కదా. వెతికి పంపు. పాడే టేపు రికార్డరు కూడా ఒకటి పంపు. సాంబ్రాణి ఇక్కడ నేను కొనుక్కుంటాను, ఆవిడ ఎప్పుడూ అదే వేసేవారు.

యాభై ఏళ్ళలో మొదటిసారి నిన్ను నమ్మి ఒక పని చెప్తున్నాను. ఈ ఒక్కసారికి ఆటలాడకు.

మీ అప్ప
రాజకుమారి

*

నెల్లిమర్ల,
జులై 9

ఓలప్పా,

నీ ఉత్తరం తెచ్చినప్పుడు పోస్టుమేను సూరయ్య మొహం సూడాల. "నరసింగరావు గారూ, ఎవరైనా పోయేరా?" అని అడిగేడు. "లేదు, సగమే పోయేడు, మా బావ" అన్నాను. నవ్వు ఆపుకోలేక సైకిలు మీంచి పడబోయేడు పాపం.

నువ్వు తిట్టుకుంటావని తెలుసు. తిట్టుకో. నేను అయిదో తరగతిలో బడి మానేసినప్పట్నుంచీ నువ్వు తిడతానే ఉన్నావు, నేను నవ్విస్తానే ఉన్నాను.

బావకి మాట పడిపోయిందంటే నాకు మన ఊరి అమ్మవారి పండగ గుర్తొచ్చినాది. ఇరవై రెండేళ్ళయింది, నీకు గుర్తున్నాదా? నువ్వూ బావా పండక్కి మా ఇంటికొచ్చేరు. నేను పందిట్లో మైకు కాడ కూర్చున్నాను, నువ్వు నా పక్కన జీళ్ళు తింటన్నావు. బావ ఎంతకీ కనపడకపోతే మైకులో ఎత్తుకున్నాను. "శ్రీకూర్మం వాస్తవ్యులు ఉపేంద్ర గారు తప్పిపోయినారు. వయసు నలభై, నెత్తి మీద వెంట్రుకలు నాలుగు. ఉపేంద్ర గారూ, ఎక్కడున్నా మైకు సెట్టు కాడికి రావాల, తమరి భార్య రాజకుమారి గారు ఏడస్తన్నారు!" ఊరు ఊరంతా ఇరగబడి నవ్వినాది. నువ్వు కూడా నోట్లో జీడి బయటికొచ్చేటట్టు నవ్వేవు. గంటన్నర పోయేక వచ్చేడు బావ. చంపావతి ఒడ్డుకి గాలికి ఎల్లేనన్నాడు. ఆ రోజు కూడా మాట పడిపోయినాది ఆ మహానుభావుడికి.

సరే. అత్తగారి కేసెట్టు దొరికినాది. పార్సిల్లో పెట్టేను. టేపు రికార్డరు కూడా ఉన్నాది. దాని ఎర్ర బొత్తాం మాత్రం ముట్టుకోకు, అది నొక్కితే ఉన్న పాట తుడిచిపెట్టుకుపోతాది. సాంబ్రాణి వద్దు. నేనొక సీసా పంపుతన్నాను, మొగలిపువ్వు అత్తరు. మీ అత్త సిన్నప్పుడు బావకి ఇదే పూసేదట, నీకు తెల్దు. రెండు బొట్లు దూది మీద ఏసి తలగడ కింద పెట్టు.

మూతి ఏ పక్కకి వంకర పోయిందో రాయి. పందెం కాసేను ఇక్కడ.

నీ తమ్ముడు, నెల్లిమర్ల మైకు
నరసింగరావు

*

శ్రీకూర్మం,
జులై 18

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి చించేద్దామనుకున్నాను. పార్సిలు విప్పేక ఆ కోపం ఎటు పోయిందో తెలీదు.

నువ్వు పంపింది మా అత్తగారి పాట కాదు. అది మన బిందు గొంతు. నీ పెళ్ళాం గొంతే నువ్వు పోల్చుకోలేకపోయేవా, లేక పైన చీటీ మారిపోయిందా? ఆరేళ్ళయింది మరదలు పోయి. ఉన్నట్టుండి మా గదిలో ఆ గొంతు వినపడేసరికి ఆపేద్దామని చెయ్యి పెట్టేను. మీ బావ నా చెయ్యి పట్టుకున్నారు.

కరవలేదురా. పట్టుకున్నారంతే, వద్దన్నట్టు.

"మొగలి పొదలో గాలి దొరా, ముల్లు తగిలిందా" అని ఆ పాట. అప్పటికే మొగలి దూది తలగడ కింద పెట్టేను. ఆయన రెండు సార్లు గట్టిగా గాలి పీల్చేరు. భుజాలు కిందికి దిగేయి. ఫిబ్రవరి నుంచి బిగిసిపోయి ఉన్న దవడ మెత్తబడింది. పాట నడుస్తుంటే ఎడం చేత్తో మంచం పట్టె మీద తాళం వేసేరు. మూడు దెబ్బలు, ఆగి రెండు. మళ్ళీ మూడు, ఆగి రెండు. పాట వెనక ఎవరో బిందె మీద కొడుతున్న తాళం కూడా అదే. పాట అయ్యేసరికి కళ్ళు మూసేరు. టేపు టక్కుమని ఆపేసి పక్కన కూలబడ్డాను. తెల్లారేదాకా ఇద్దరం లేవలేదు.

అయిదు రోజులుగా ఇదే వరస. నిన్న నా చేత్తో చారన్నం తిన్నారు. నువ్వు చేసింది పొరపాటే అయినా నాకు మొగుణ్ణి తిరిగిచ్చేవు. ఆ పొరపాటుకి నీకు దణ్ణం పెట్టాలి.

రాజకుమారి

*

నెల్లిమర్ల,
జులై 24

ఓలప్పా, ఓలప్పోలప్పా,

పొరపాటా! నీ తమ్ముడు బతుకులో పొరపాటున ఏటి సేసేడు? కావాలనే పంపేను. మీ అత్త కేసెట్టుని ఎలకలు ఎప్పుడో కొట్టేసినాయి. మీ అత్త మొగలి అత్తరు పూసిందన్నది కూడా నేను కల్పించినదే. ఆ సీసా బిందు ట్రంకు పెట్లోది. కళింగపట్నంలో వాళ్ళమ్మ ఇచ్చినాది, సీరల మడతల్లో పెట్టుకునేది పిచ్చిది.

ఎందుకు సేసేనో తెలుసా? మీ కుమారి డాక్టరమ్మ బండారం బయటపెడదామని. సంతోషంగా ఉన్న రోజులవే కావాల, ఏదో ఒకటి పనికిరాదు అన్నాది కదా? మరి ఇప్పుడు సూడు! మా ఆవిడ పాటకీ మా ఆవిడ సీసాకీ మీ ఆయన సంతోషానికీ ఏటి సంబంధం? ఏటీ లేదు. అయినా పడుకున్నాడు! అంటే ఏ పాటైనా పడుకుంటాడు, ఏ కంపైనా పడుకుంటాడు. మన కొట్టు కాడ అందరికీ సెప్పేను. టీ కొట్టు పోతురాజు కళ్ళమ్మట నీళ్ళు కారేలాగ నవ్వేడు.

నువ్వు ఒకే పాటతో ఇసిగిపోతావని ఇంకో కేసెట్టు పంపుతన్నాను. "బిందు పాటలు, రెండోది" అని రాసేను సూడు. దీనికి వాసన కూడా వేరేది, పొట్లంలో గుడ్డ ఉన్నాది, ఇప్పి ముక్కు కాడ పెట్టు. మొదటిదానికన్నా బాగా పనిచేస్తాది. పెట్టేక ఏటయిందో వెంటనే రాయాల.

నరసింగరావు

*

శ్రీకూర్మం,
ఆగస్టు 3

నరసింగా,

ఏమయిందో రాయమన్నావు. రాస్తున్నాను.

గుడ్డ విప్పేను. జూటు మిల్లులో జనపనార మెత్తబడ్డానికి చల్లే నూనె కంపు గది నిండిపోయింది. ఏదో మందు నూనె కాబోలు అనుకుని ఆయన తలగడ పక్కన పెట్టేను. టేపు వేసేను. గాడిద అరిచింది. తరవాత నీ గొంతు, చెవులు పగిలేటట్టు: "బావా! ఇల్లంటుకున్నాది! లెగు బావా, లెగిసి పరిగెట్టు!"

లేవబోయేరు. లేవలేని మనిషి లేవబోయేరు. మంచం మీంచి మొహం మీద పడ్డారు. పైపెదవి చీలింది, మూడు కుట్లు వేసేరు. నా చీరకంటిన రక్తం మరక ఎన్ని సార్లు ఉతికినా పోలేదు. పదిహేను రోజులు నెమ్మదిగా ఉన్న మనిషి మళ్ళీ మొదటికొచ్చి గోడకేసి తల కొట్టుకున్నారు.

నువ్వు నవ్వుతున్నావా? పోతురాజుకి చెప్పేవా?

రెండు రోజులు ఆయన్ని పట్టడం నా వల్ల కాలేదు. మూడో రోజు మళ్ళీ మొగలి దూదీ, మొదటి కేసెట్టూ పెట్టేను. నెమ్మదించేరు. కుమారి వచ్చి అంతా విని, ఒక్కొక్కటీ విడదీసి చూద్దామంది. మొగలి ఒక్కటే పెట్టేం. వాసన చూసి గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయేరు, ఎవరో రావాలన్నట్టు. పాట ఒక్కటే వేసేం. విన్నారు గానీ దవడ వదల్లేదు. సాంబ్రాణి వేసి, మా అత్తగారి పాట నేనే పాడేను. మొహం తిప్పుకున్నారు. మొగలీ బిందు పాటా కలిస్తేనే ఆయనకి ప్రాణం కుదుటపడుతుంది. "ఇలా అయిందంటే ఇది ఉత్తి పాట కాదమ్మా, ఆయనకి బాగా తెలిసిన రోజు" అంది కుమారి.

ఇంకోటి. మొన్న పాట అయిపోయేక ఆయన పాడేరు. మాట రాని మనిషి పాడేరు. మాట పోయినా కొందరికి పాట మిగులుతుందట, అది మెదడులో వేరే చోట ఉంటుందట. కుమారి చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేకపోయేను. ఆయన పాడిన చరణం కేసెట్టులో లేదు. "తగిలితే తగిలింది గానీ దొరా, తలుపు తీసుందిలే" అని. ఆ పాట మన వైపుది కాదు, ఆయన వైపుదీ కాదు. బిందు పుట్టింటివైపుది. కేసెట్టులో లేని చరణం ఆయనకెలా వచ్చు?

నీకేమైనా తెలిస్తే రాయి. తెలీకపోతే ఊరుకో, కథలు అల్లకు.

రాజకుమారి

*

నెల్లిమర్ల,
ఆగస్టు 9

అప్పా,

పెదవి చీలిందని రాసేవు. తప్పే. లెంపలేసుకున్నాను, అద్దం ముందు నిలబడి రెండు పక్కలా. కానీ ఒక్కటి ఒప్పుకో, మూతి ఒక పక్కకి వంకరపోయింది కదా, ఇంకో పక్క కుట్లు పడితే ఇప్పుడు సమానంగా ఉంటాది.

సరే సరే. ఇంక ఎయ్యను.

చరణం సంగతి అంత బుర్ర బద్దలు కొట్టుకుంటావేటే? మా పెళ్ళిలో కళింగపట్నం ఆడోళ్ళు రోజంతా అవే పాటలు పాడేరు. బావ బంతిలో కూర్చుని అరిసెలు తింటా ఇన్నాడు. నోరు తినడానికి, సెవులు ఇనడానికి. ఇందులో వింతేటుంది?

అయినా నువ్వు అసలైనది ఇనలేదు. పాట అవ్వగానే టేపు కట్టేస్తన్నావు కదా? కట్టెయ్యకు. చివరిదాకా ఇను. ఆ కేసెట్టు నేను ఇన్నాళ్ళూ దాచింది పాట కోసం కాదు, చివర కోసమే. అది అమ్మవారి పండగ రోజు బిందు ఇంట్లో పట్టినాది. నేను పందిట్లో మైకులో బావని పిలిచేనని రాసేను కదా, ఆ పిలుపు వీధులు దాటొచ్చి కేసెట్టులో పడిపోయినాది! "ఉపేంద్ర గారూ, ఎక్కడున్నా రావాల" అని దూరంగా నా గొంతు, ఎంత పసందుగా పడిందో. మన కొట్టుకొచ్చిన ప్రతివోడికీ ఆ ముక్క ఏసి ఇనిపించేవోణ్ణి.

దానికి మా బిందు ఏటంటాదో తెలుసా? పాట ఆపేసి కిసుక్కుమని నవ్వి "ఎల్లు బావా" అంటాది. నన్నే! మైకులో నా గొంతు ఇని నాతోటే మాట్లాడతన్నాది. "పో బావా, నీ ఏషాలూ నువ్వూనూ" అని. వరసకి మేనమామ కూతురు కదా, పెళ్ళయినా నన్ను బావా అనే పిలిచేది. నేను ఇంటికొచ్చేసరికి కేసెట్టు మిషన్లోనే ఉన్నాది. ఏటిది అంటే "నీకోసమే పాడేను" అన్నాది.

ఇలాంటి పెళ్ళాం ఎవడికున్నాది సెప్పు? ఇను. ఇని నవ్వు. నవ్వి రాయి.

నీ తమ్ముడు

*

శ్రీకూర్మం,
ఆగస్టు 21

నరసింగా,

విన్నాను. నీ మాట ప్రకారం చివరిదాకా విన్నాను. ఆయన పడుకున్నాక టేపు ఒళ్ళో పెట్టుకుని చెవి ఆనించి విన్నాను. ఏడు సార్లు.

నీ గొంతు బాగానే పడింది. "ఉపేంద్ర గారూ, ఎక్కడున్నా రావాల." ఆ వెనకాల ఊరంతా నవ్వింది. ఆ నవ్వులో నాది కూడా ఉండే ఉంటుంది.

తరవాత బిందె మీద తాళం ఆగింది. బిందు నవ్వింది. "ఎల్లు బావా" అంది.

ఒరే, మైకు ఎవర్ని పిలిచింది? నిన్నా? పిలుస్తున్నది నువ్వు. పిలిపించుకున్నది ఉపేంద్ర గారు. ఎవర్ని పిలిస్తే వాళ్ళనే కదా వెళ్ళమంటారు?

నలుగురిలో బిందు ఆయన్ని ఏమని పిలిచేదో గుర్తు తెచ్చుకో. ఆడపడుచు మొగుడు కదా, "అన్నయ్యగారూ" అనేది. తలెత్తేది కాదు. మంచినీళ్ళ గ్లాసు చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి వెళ్ళేది. ఎంత మర్యాద తెలిసిన పిల్ల అని నేనే పదిమందికి చెప్పేను.

ఆ రోజు నువ్వు మైకు దగ్గర. నేను నీ పక్కన జీళ్ళు తింటూ. మీ ఇంట్లో బిందె మీద మూడు దెబ్బలు, ఆగి రెండు, ఎవరు వేసేరు? పాడే మనిషే వేసిందనకు. ఆ చప్పుడు దూరంగా, మంచం అటు చివర్నించి వస్తోంది. అదే తాళం నెల రోజులుగా నా కళ్ళముందు ఈ మంచం మీద పడుతోంది.

వాసన సంగతి కూడా గుర్తొచ్చింది. గంటన్నర తరవాత ఆయన పందిట్లోకి వచ్చినప్పుడు చొక్కా మొగలి వాసన వేసింది. అడిగితే "తిరనాళ్ళలో ఎవడో అత్తరు అమ్ముతూ పూసేడు" అన్నారు. ఆ చొక్కా నేనే ఉతికేను. ఉతుకుతూ బాగుంది ఈ వాసన, నాకూ ఒక సీసా తేకూడదా అన్నాను. నవ్వేరు.

ఆయన బతుకులో సంతోషంగా ఉన్న రోజు వెతకమంది కుమారి. నువ్వు గోనెసంచిలో చెయ్యి పెట్టి సరిగ్గా అదే తీసేవు. నెల రోజులుగా దీపం పెట్టగానే నా చేత్తో నేను దూది తడిపి, నా వేలితో బొత్తాం నొక్కి, ఆయన్ని అక్కడికే పంపిస్తున్నాను.

ఇరవై రెండేళ్ళు ఆ కేసెట్టు విన్నావు. నీ గొంతు వరకే విన్నావు.

రాజకుమారి

*

నెల్లిమర్ల,
ఆగస్టు 26

అప్పా,

సెబాష్. నన్ను మించిపోయేవు. ఉత్తరం సదివి ఒక నిమిషం నిజంగా నమ్మేసేను కూడా. గాడిద కేసెట్టుకి బదులు తీర్చుకున్నావన్నమాట. బాగుంది, మంచి జోకు. ఇంక సాలు.

ఆ దెబ్బలు పక్కింటి దానమ్మ రోకలివి. పండగ రోజు కదా, పిండి కొడతా ఉంటాది. "బావా" అన్నది నన్నే. నన్ను కాక ఎవర్ని అంటాది?

రేపు దానమ్మని అడిగి రాస్తాను. తొంభైకి దగ్గర పడ్డాది గానీ బుర్ర బాగా పనిచేస్తాది. అప్పుడు నువ్వు లెంపలేసుకోవాల.

నరసింగరావు

*

నెల్లిమర్ల,
సెప్టెంబరు 4

అప్పా,

దానమ్మని అడిగేను. పండగ రోజు పిండి కొట్టేవా మామ్మా అన్నాను. పండగ పిండి పండగ ముందర కొడతారు గానీ పండగ రోజు కొడతారేటి అన్నాది. మరి ఆ వేళ మా ఇంట్లో ఎవరున్నారు అన్నాను. నాకేసి సూసి బోసినోటితో నవ్వినాది.

"ఇన్నాళ్ళకి అడిగేవేటి బాబూ. నువ్వు మైకులో పిలుస్తంటే ఊరంతా నవ్వింది ఎవర్ని సూసి అనుకున్నావు?"

నేను నవ్విస్తన్నాననుకున్నాను అప్పా. ఇరవై రెండేళ్ళు అదే అనుకున్నాను. కేసెట్టు ఏసి ప్రతివోడికీ ఇనిపించేను. పోతురాజు కళ్ళమ్మట నీళ్ళు ఎందుకు కారినాయో ఇప్పుడు తెలస్తన్నాది. కొట్టు తీసి వారమయింది.

ట్రంకు పెట్టి తెరిస్తే ఇంకా మొగలి వాసనే. సీరలన్నీ బయట పడేసేను. మళ్ళీ లోపల పెట్టేను.

నాకు కేసెట్టు కావాల. కాల్చెయ్యాలనే అడిగేనేమో, నాకే తెల్దు. కాదు, కాల్చను. ఆరేళ్ళలో దాని ఫోటో తప్ప నాకేటీ మిగల్లేదు. గొంతు ఆ కేసెట్టులోనే ఉన్నాది. ఎవరికోసం పాడితే ఏటి, పాడింది అదే కదా. తుడిచెయ్యకు అప్పా. ఎర్ర బొత్తాం మీద సెయ్యెయ్యకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆటకి కాదు.

బావ పడుకుంటన్నాడా?

నరసింగా

*

శ్రీకూర్మం,
సెప్టెంబరు 20

తమ్ముడూ,

బావ పడుకుంటున్నాడా అని అడిగేవు. చెప్తాను.

నీ ఉత్తరం అందేసరికే ఎర్ర బొత్తాం నొక్కేసేను. నువ్వు మొదటి ఉత్తరంలో చెప్పింది గుర్తుంది. పాట మొదలు దగ్గర్నుంచి నొక్కి పట్టుకుని నా పని నేను చేసుకున్నాను. ఇప్పుడు పాట ఉన్న చోట మా ఇల్లుంది. నేను గిన్నెలు తోమిన చప్పుడు, ఇల్లు ఊడ్చిన చప్పుడు, నా దగ్గు. అవి అయ్యేక నీ పిలుపు. అది తుడవలేదు. అంత మంచి జోకు ఎవరు తుడుస్తారు?

దీపం పెట్టగానే మామూలుగానే మొగలి దూది తలగడ కింద పెడతాను. గాలి పీలుస్తారు, మొహం విచ్చుకుంటుంది. టేపు వేస్తాను. మొదటి రోజు మూడు దెబ్బలు, ఆగి రెండు, వేస్తూ పాట కోసం ఎదురు చూసేరు. గిన్నెల చప్పుడే వచ్చింది. తరవాత నువ్వు. "ఉపేంద్ర గారూ, ఎక్కడున్నా మైకు సెట్టు కాడికి రావాల, తమరి భార్య రాజకుమారి గారు ఏడస్తన్నారు." మంచం ఊపేసేరు. నాలుగో రోజు నా వేలు కరిచేరు. కరవనిచ్చేను. టేపు మాత్రం ఆపలేదు. ఎనిమిదో రోజుకి తాళం ఆగిపోయింది.

ఇవాళ్టికి ఇరవై రెండో రోజు. మండలంలో సగం దాటింది. వాసన ఒక పాటని వదిలి ఇంకోదాన్ని పట్టుకోడానికి నలభై రోజులు చాలట, కుమారి ఎప్పుడో చెప్పింది.

ఇప్పుడు మొగలి వాసన తగలగానే గుమ్మం వైపు చూడ్డం లేదు. మెడ తిప్పి నాకేసి చూస్తారు. రెప్ప వెయ్యరు. చప్పుడు చెయ్యకుండా, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, నేను ఎటు కదిలితే అటు చూస్తారు. నిన్న కుమారి చూసి "ఎంత నెమ్మదిగా ఉన్నారమ్మా" అని మురిసిపోయింది. అవునమ్మా అన్నాను. నువ్వు మైకులో పిలిచిన ఇరవై రెండేళ్ళకి మా ఆయన వచ్చేరు. నేను హాయిగా పడుకుంటున్నాను.

చిన్నప్పట్నించీ వేళాకోళాలన్నీ నువ్వే ఆడేవు. నీ తోబుట్టువుని కదా, నాకూ కొంచెం వచ్చునని ఇప్పుడే తెలిసింది.

నలభై రోజులూ నిండగానే కేసెట్టు నీకు పంపుతాను. ఇక్కడ దాంతో ఇంక పనుండదు. బిందు గొంతు కావాలన్నావు కదా, నీకోసం రెండు మాటలు అలాగే ఉంచేను. నీ పిలుపు అవ్వగానే నవ్వుతుంది. నవ్వి "ఎల్లు బావా" అంటుంది.

నిన్నే అందనుకుని విను.

మీ అప్ప